మోగని పట్టా ముక్క

ఆయన పోయాడని కబురు తెచ్చినవాణ్ని నేను మొదట అడిగిన మాట, "పోయేటప్పుడు ఎవర్ని తిట్టిండు?" అని.

వాడు నవ్వలేదు. "దవాఖానల టీవీల ఏదో ఫుట్‌బాల్ ఆట వస్తుంటె, గోలీని తిట్టుకుంట తిట్టుకుంట కండ్లు మూసిండట అన్నా" అన్నాడు. నమ్మాను. తిట్టకుండా పోయాడని చెప్పి ఉంటే నమ్మేవాణ్ని కాదు, ఇంకోసారి చూసి రమ్మనేవాణ్ని.

అప్పుడు మేము గోదావరిఖనిలో గ్రౌండు పక్క చాయ్ హోటల్లో కూర్చొని ఉన్నాం. కొత్త రాష్ట్రం వచ్చింది, కొత్త జట్టు కడుతున్నారు, ఈసారి చూసుకోండి అని నలుగురు కుర్రాళ్లు ఊగిపోతున్నారు. అందులో ఒకడు నా వైపు తిరిగి, "అన్నా, నువ్వు ఆడినోనివి గద. ఈ యేడు మనోళ్లు ఎట్లుంటరంటవ్?" అన్నాడు. "ఏముంటది, ఈ యేడు గూడ గంతే" అందామని నోరు తెరిచాను. అంతలో కబురు వచ్చింది. తెరిచిన నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఆ మాట నాది కాదు. ఆయనది.

ఆయన పేరు రాయను. మా జట్టులో ఆడిన వాళ్లలో ఒక్కడి పేరు కూడా ఆయన నోటితో పలికేవాడు కాదు. మంచి ఆటగాళ్లం అయినంక నేర్చుకుంటాడట. ఆ కసి నాకింకా పోలేదు. అందరూ కాక అనేవాళ్లు, నేనూ అంతే అంటాను.

కాక మా గనిలో హాలేజీ ఇంజన్ నడిపేవాడు. తెలియని వాళ్లకు చెప్పాలి. మాది ఇంక్లైను, అంటే ఏటవాలు బాటలో కిందికి దిగే గని. బొగ్గు నింపిన టబ్బులను ఇనుప తాడు కట్టి పైకి లాగుతుంది ఆ ఇంజన్. కింద చీకట్లో ఎవరు ఎక్కడున్నారో పైనున్న ఇంజనాయనకు కనబడదు. గంటే చెప్పాలి. గంట ఒక్కసారి మోగిందంటే ఆపు అని అర్థం. తాడు ఆగుతుంది, టబ్బులు ఆగుతాయి, ఆ బాటలో ఉన్న మనుషులు కూడా ఎక్కడివాళ్లు అక్కడ ఆగుతారు. మళ్లీ గంట పడేదాకా కదలరు. గనిలో చేరినవాడికి సంతకం పెట్టడం రాకున్నా నడుస్తుంది, ఇది రాకపోతే నడవదు. ముందు ఆగు, ఎందుకని తర్వాత అడుగు. చేరిన మొదటి వారంలోనే ఇది ఒంటికి పట్టేస్తుంది.

వారమంతా గంట వినడం ఆయన పని. ఆదివారం గంట కొట్టడం ఆయన సరదా. పనికిరాక పారేసిన, టబ్బులు నడిచే ఇనుప పట్టా ముక్క ఒకటి మోసుకొచ్చి, గ్రౌండు మూలన ఇనుప స్తంభానికి వేలాడదీశాడు. కొట్టడానికి ఒక పెద్ద బోల్టు. మా గని జట్టు గోల్ కొడితే ఆయన ఆ పట్టా ముక్కను దడదడ వాయించేవాడు. కాలనీ క్వార్టర్లలో అన్నం వండుకునే ఆడవాళ్లకు కూడా మనవాళ్లు కొట్టారని తెలిసిపోయేది. అయితే కొట్టిన ప్రతి గోల్‌కూ మోగదు. అది గోల్ అవునా కాదా అనేది రిఫరీ కాదు, ఆయన నిర్ణయించాలి.

పొద్దున చర్చికి వెళ్లి, శత్రువులను ప్రేమించమని విని, అదే తెల్ల చొక్కాతో సాయంత్రం గ్రౌండుకు వచ్చి సొంత జట్టును తిట్టేవాడు. కాళ్లకు మేజోళ్లు లేకుండా కంపెనీ ఇచ్చిన నల్ల బూట్లు, కింది పెదవి వెనక తంబాకు, మోకాళ్ల మీద తువ్వాల. పట్టా ముక్క కింద సిమెంటు దిమ్మె మీద కూర్చుంటే మళ్లీ ఆట అయ్యేదాకా లేచేవాడు కాదు. గీత దాటి గ్రౌండులో అడుగు పెట్టగా ఎవరూ చూడలేదు. "గా మన్ను ఆటగాళ్లది" అనేవాడు. గౌరవం అనుకునేరు. మేము ఆడుతున్నప్పుడు కూడా "ఆటగాళ్లు వస్తరేమో చూస్తున్న" అనేవాడు.

నిజానికి మాకంటే ముందు మంచి జట్టే ఉండేది. ఆ రోజుల్లో పట్టా ముక్క మోగని ఆదివారం లేదంటారు. తర్వాత వాళ్లలో కొందరు వీఆర్‌ఎస్ తీసుకొని వెళ్లిపోయారు, కొందరు మెడికల్ అన్‌ఫిట్ అయ్యి కొడుకులకు ఉద్యోగాలు పెట్టించారు. జట్టు మొత్తం ఖాళీ. ఆ కొడుకులతోనూ మిగిలిన నాలాంటి పాత సరుకుతోనూ మళ్లీ జట్టు కట్టారు. నన్ను కెప్టెన్ చేశారు, ఇంకెవరూ లేక.

ఆ సీజను ముందు స్పోర్ట్స్ సూపర్‌వైజర్ మమ్మల్ని క్లబ్బులో కూర్చోబెట్టి పెద్ద ఉపన్యాసం ఇచ్చాడు. బంతికి గాలి కొట్టడం కూడా రాని మనిషి. పునర్నిర్మాణం అన్నాడు, సమష్టి కృషి అన్నాడు, చాయ్ తాగాడు, చివర్న అసలు సంగతి చెప్పాడు. ఇంక్లైన్లలో మనుషులు తగ్గిపోతున్నారు, కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు, అంటే పైనుంచి తవ్వే గని, పెరుగుతోంది, ఇంత చిన్న గనికి వేరే జట్టు ఎందుకని పైనుంచి అడుగుతున్నారు. ఈ యేడు కప్పు తెస్తే జట్టు ఉంటుంది. తేకపోతే వచ్చే యేటి నుంచి ఓపెన్‌కాస్టు జట్టులో కలిసిపోతుంది. అంతే. మా గని పేరు చొక్కా మీద ఉండాలా వద్దా అనేది ఆ ఒక్క సీజను మీద పడింది.

ఈ మాట ఊరంతా పాకింది. ఆ సాయంత్రమే చాయ్ హోటల్లో ఆయన జోస్యం. ప్రతి యేడూ సీజను ముందు ఆయన జోస్యం చెప్పడం ఒక ఆనవాయితీ. జనం వినడానికే వచ్చేవాళ్లు, షిఫ్టు దిగి ఇంటికి కూడా పోకుండా. నేను, గోల్ కాసే మా గోలీ, ఇంకో ఇద్దరం ఎదుటి బల్ల మీదే కూర్చొని ఉన్నాం. మేము ఉన్నామని ఆయనకు తెలుసు. ఉన్నామనే చెప్పాడు.

"ఏం కాకా, ఈ కొత్త టీం సంగతేంది?" అని కదిలించాడు హోటలాయన.

కాక చాయ్‌ని సాసర్లో పోసుకొని ఊదాడు. అందరూ చూసేదాకా ఊదాడు.

"ఏముంటది. అయ్యల నౌకర్లు వచ్చినయి, అయ్యల కాళ్లు రాలె. గోలీ నుంచి సురువు చేస్తె, వాడు గోనె సంచి. ఎటు వారేస్తె అటు వడ్తడు, ఎవడన్న లేపెదాక లెవ్వడు. ఎడమ దిక్కు బ్యాకుది బదిలీ ఫిల్లరు బుద్ధి. ఎవడో డ్యూటీకి రాకుంటె ఆని జాగల వచ్చినట్టు ఆడ్తడు. కుడి దిక్కు బ్యాకు పెండ్లి పిలగాడు. బట్టలకు మన్ను అంటొద్దు, దువ్విన నెత్తి చెదరొద్దు. నడుమ ఈ సర్పంచి. చెయ్యి లేపి అందరికి తొవ్వ చూపెడ్తడు, కాలు మాత్రం లేపడు. ముందట ఆడెటోడు ఒంటె. బంతి కాళ్ల నడుమకెల్లి పోయిందని ఆని నెత్తికి కబురు అందెసరికి ఆట అయిపోతది."

సర్పంచిని నేనే. నా వైపు చూడకుండానే సాసర్ నా వైపు ఊపాడు. హోటలంతా నవ్వు.

"ఒక్కడు గూడ మంచోడు లేడా కాకా?"

"ఎందుకు లేడు, బంతి ఉన్నది. గదొక్కటే సక్కగ ఉరుకుతది."

"మరి కప్పు?"

"కప్పు ఇస్తరు, సాసరు ఇస్తరు, తాగి కడిగి పెట్టున్రి. ఈ యేడు గూడ గంతే."

ఒళ్లు మండిపోయింది. అన్నిటికంటే మంట ఏమిటంటే అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. నేను నిజంగానే చెయ్యి చూపే రకం. గోలీ నిజంగానే పడితే లేవడు. కుడి బ్యాకు ఆడే కుర్రాడు ప్రాక్టీసుకు కూడా దువ్వెన తెచ్చుకునేవాడు. కానీ నిజం చెప్పినవాణ్ని ఎవడు క్షమిస్తాడు? ఒక్కరోజైనా బంతిని తన్నని మనిషి, ఇంజన్ గదిలో స్టూలు మీద కూర్చొని సర్వీసంతా గడిపిన మనిషి, మమ్మల్ని అంటాడా?

ఒకరోజు ప్రాక్టీసులో అదే అడిగేశాను. "కాకా, కూసొని మాట్లాడుడు అందరికస్తది. జర దిగి నువ్వు ఆడి చూపెట్టు."

తంబాకు పక్కకు ఉమ్మేశాడు. "రూఫు కూలుతదని చెప్పెటోడు రూఫును మోస్తడార?"

తర్వాత నన్ను వదిలేసి కుడి బ్యాకును పిలిచాడు. "ఓ పెండ్లి పిలగా, గటు ఎందుకు ఉరికినవ్?"

"బంతి అటు పోయింది కాకా" అన్నాడు వాడు, ప్యాంటు దులుపుకుంటూ.

"బంతి బాయిల వడ్తె నువ్వు గూడ వడ్తవా? ఉరుకుడు కుక్క గూడ ఉరుకుతది. నిలవడుడు నేర్వున్రి ముందుగాల. ఎవని జాగల ఆడు నిలవడాలె. ఇడిసిపెట్టి పోవద్దు."

"మరి బంతిని చూడద్దా?"

"బంతి దిక్కు చూసెటోడు బేకార్ గాడు. తాడు గుంజేటప్పుడు తాడు దిక్కు చూస్తమా? మనిషి ఏడ నిలవడ్డడో చూస్తం. బంతి లేనోని దిక్కు చూడాలె."

ఇదీ ఆయన ఫుట్‌బాల్ జ్ఞానం. నిజంగానే ఆయన బంతిని చూసేవాడు కాదు. గ్రౌండంతా ఒకవైపు అరుస్తుంటే ఈయన ఇంకోవైపు, బంతి లేని చోట, ఊరకే నిలబడ్డవాణ్ని చూస్తూ కూర్చునేవాడు. గోల్ ఎవరు కొట్టారని అడిగితే తెలిసేది కాదు. లోకంలో బంతిని చూడకుండా ఫుట్‌బాల్ చూసే మనిషి ఆయనొక్కడే అయి ఉంటాడు. ఇలాంటివాడి మెప్పు కోసం మేము చచ్చామే, అది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఎందుకంటే సీజను మొదలైతే మేము గెలవడం మొదలుపెట్టాం. ఎట్లా గెలిచామో మాకే తెలియదు. మందమర్రి వాళ్ల మీద గెలిచాం. అందరూ పట్టా ముక్క వైపు చూశారు. మోగలేదు. ఎందుకు కాకా అంటే, "గది గోలా? ఆళ్ల గోలీ తంబాకు నలుపుకుంటున్నడు" అన్నాడు. ఇంకో జట్టు మీద గెలిస్తే, వాళ్లు రాత్రి షిఫ్టు చేసి వచ్చారట, నిద్రలో ఆడారట. ఇంకోసారి గాలి మాకు తోడొచ్చిందట. గాలికైనా గంట కొట్టొచ్చు కదా, కొట్టలేదు.

కాసిపేట వాళ్ల మీద మా ఒంటె, అదే ముందు ఆడే మా పొడుగువాడు, ఎక్కడో దూరం నుంచి కొట్టిన బంతి వంపు తిరిగి మూలలోకి దూరింది. అటువంటి గోల్ మళ్లీ మా గ్రౌండులో పడలేదు. వాడు మమ్మల్నందరినీ వదిలేసి తిన్నగా స్తంభం దగ్గరికి పరుగెత్తాడు. నడుము మీద చేతులు పెట్టుకొని కాక ముందు నిలబడ్డాడు, ఇప్పుడేమంటావ్ అన్నట్టు. కాక వాణ్ని కింది నుంచి పైదాకా చూశాడు.

"లేసు ఊడింది, కట్టుకో" అన్నాడు.

అంతే. బోల్టు దిమ్మె మీద అలాగే పడి ఉంది. మాలో ఎవడైనా వెళ్లి కొట్టొచ్చు, ఆపేవాడు లేడు. కానీ కొట్టలేదు. మనకు మనమే కొట్టుకుంటే ఏం లాభం? కప్పు సంగతి తర్వాత, ముందు ఆ ముసలాడి చేత ఆ ఇనుప ముక్క కొట్టించాలి అన్నంత పిచ్చి పట్టింది జట్టు మొత్తానికి.

ఫైనల్‌కు వచ్చాం. ఎదుటి జట్టు కమాన్‌పూర్ వైపు ఓపెన్‌కాస్టు వాళ్లు. మేము ఓడితే ఎవరిలో కలవాలో వాళ్లే. డంపర్లు, షవెల్లు నడిపే కుర్రాళ్లు, మంచి తిండి, మంచి ఒళ్లు. వాళ్లకు రోజంతా ఎండ, మాకు రోజంతా చీకటి. షామియానా వేశారు, ఆఫీసర్లు భార్యలతో వచ్చారు. సూపర్‌వైజర్ గులాబీ దండలు సిద్ధం చేసుకున్నాడు, ఎవరు గెలిచినా పనికొస్తాయని.

ఆట ముందు కాక నన్ను పిలిచాడు. "సర్పంచీ, ఇయ్యాల ఓడితె ఇగ టీం ఉండదట గద?"

"ఔ కాకా."

"మంచిదే. పీడ వోతది. ఆదివారాలు ఇంటికాడ పండుకుంట."

తిట్టుకుంటూ వెనక్కి తిరిగాను. తిరిగేటప్పుడు చూశాను, పట్టా ముక్కకు కొత్త తీగ కట్టి ఉంది. తుప్పు గీకేసి ఉంది. ఎవరు గీకారో అడగలేదు, అడిగితే దానికీ ఒక తిట్టు ఉంటుంది.

ఆ రోజు మేము బాగా ఆడాం. ఇది నేను చెప్పుకుంటున్నది కాదు, ఓపెన్‌కాస్టు వాళ్లే తర్వాత చెప్పారు. రెండో సగం అయిపోవస్తున్నా రెండు వైపులా గోల్ లేదు. అప్పుడు స్తంభం ఉన్న మూల దగ్గర, గీత పక్కన, ఎత్తుగా వచ్చిన బంతి కోసం మా పెండ్లి పిలగాడు ఎగిరాడు. ఎదుటివాడూ ఎగిరాడు. వాడి మోచెయ్యి వీడి కణతకు తగిలింది. కింద పడ్డాడు. లేచాడు. బట్టలు దులుపుకొని, ఏం కాలేదని చెయ్యి ఊపాడు. ఆట సాగిపోయింది.

బంతి నడుమకు వచ్చింది. నాకు అందింది. జీవితంలో మొదటిసారి చెయ్యి చూపకుండా కాలు లేపాను. ఒంటె కాళ్ల ముందు పడింది బంతి. వాడికీ గోల్‌కూ మధ్య ఒక్కడే ఉన్నాడు. షామియానాలో ఆఫీసర్లు లేచి నిలబడ్డారు. లైన్ చూసే రిఫరీ బంతి వెంట పరుగెత్తాడు. లోకమంతా అటే చూస్తోంది. ఒంటె ఆ ఒక్కణ్నీ తప్పించాడు. ఇక కొట్టడమే.

అప్పుడు మోగింది పట్టా ముక్క. సీజనంతా మేము చెవులు రిక్కించుకొని ఎదురుచూసిన గంట. ఒక్కసారి. ఒకే ఒక్కసారి.

ఆగిపోయాం. ఒంటె లేపిన కాలు గాలిలోనే ఉంది. నేను అడుగు మధ్యలో ఆగాను. గోలీ ఆగాడు, ఎడమ బ్యాకు ఆగాడు. అనుకొని ఆగలేదు, అనుకునే సందు లేదు. చీకట్లో ఎన్నో ఏళ్లు మమ్మల్ని బతికించిన అలవాటు, పట్టపగలు గ్రౌండులో మమ్మల్ని మేకులు కొట్టినట్టు నిలబెట్టింది.

ఓపెన్‌కాస్టులో ఈ గంటలు లేవు. వాళ్లకు హారన్లు, వాకీటాకీలు. ఒక క్షణం వాళ్లూ బిత్తరపోయారు. తర్వాత వాళ్లలో ఒకడు, అలమార్లోంచి సామాను తీసుకున్నట్టు, ఒంటె కాళ్ల ముందు నుంచి బంతిని తీసుకున్నాడు. మా మధ్య నుంచే వచ్చాడు. నా పక్క నుంచే, చొక్కా చొక్కాకు రాసుకుంటూ పోయాడు. చూస్తూనే ఉన్నాను, కదలలేదు. గోలీ ముందు నుంచి మెల్లగా లోపలికి తోశాడు. రిఫరీ విజిల్ ఊదాడు. గోల్.

ఆ విజిల్‌తో ఒంట్లోకి ప్రాణం వచ్చి, అందరం ఒకేసారి స్తంభం వైపు తిరిగాం. చంపేద్దామనే తిరిగాం. దిమ్మె మీద కాక లేడు. ఏనాడూ గీత దాటని మనిషి గ్రౌండులో మోకాళ్ల మీద ఉన్నాడు. ఆయన ముందు మా కుడి బ్యాకు పడి కొట్టుకుంటున్నాడు, నోట్లో నురగ. ఆట ముందుకు పోయాక నాలుగడుగులు నడిచి కూలిపోయాడట. మేమెవరం చూడలేదు. కాక వాణ్ని పక్కకు తిప్పి, తలకింద తువ్వాల పెట్టి, దవడ పట్టుకొని ఉన్నాడు. చర్చి చొక్కా అంతా ఎర్రమట్టి.

"సుధాకర్, ఓ సుధాకర్, కండ్లు తెరువు బిడ్డా. ఇగో నేనే. సుధాకర్."

సుధాకర్ అట! అంటే పేర్లు తెలుసు. అన్నీ తెలుసు. తెలిసి తెలిసే సీజనంతా గోనె సంచి, ఒంటె, సర్పంచి అని పిలిచాడు. నిజం చెబుతున్నాను, ఆ నిమిషంలో గోల్ పడ్డదానికంటే ఆ పేరు విన్నందుకే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

వాణ్ని ఎవరిదో జీపులో వేసి దవాఖానకు పంపాం. కాక కూడా ఎక్కాడు. మిగిలిన ఆట ఆడాం, ఓడాం. గంట వల్ల ఆగామని రిఫరీతో వాదించాను. "నా విజిల్‌కు ఆగాలె గని గంటకు ఆగుడేంది?" అన్నాడు. ఆయన అన్నదాంట్లో తప్పేముంది? దండలు ఓపెన్‌కాస్టు వాళ్ల మెళ్లో పడ్డాయి.

ఆడిన బట్టలతోనే దవాఖానకు పోయాను. వరండాలో బెంచీ మీద కూర్చొని ఉన్నాడు. లోపల డాక్టరు చెప్పాడు, నాలుక వెనక్కిపోయి ఊపిరి ఆగిందని, ఇంకాస్త సేపు ఎవరూ చూడకపోతే పిల్లవాడు దక్కేవాడు కాదని. ఇప్పుడు మాట్లాడుతున్నాడని. అది విన్నాక కూడా నా కోపం తగ్గలేదు. మనిషి బతికాడు సరే, జట్టు చచ్చింది కదా.

"గంట ఎందుకు కొట్టినవ్ కాకా? ఒర్రితె అయిపోవు గద" అన్నాను.

తంబాకు నలుపుతున్నాడు. సగం నేల మీద పోసుకుంటున్నాడు.

"ఒర్రితె ఎవడింటడు? సీజనంత ఒర్రుతనే ఉన్న. ఒక్కనాడన్న మల్లి చూసిన్ర?"

మాట మార్చాను.

"ఉరికొచ్చి చెప్పాలె."

"నేను ఉరికితె ముసలోడు తాగచ్చిండు అందురు."

"టీం పోయింది కాకా. ఇగ మన గని పేరు లేదు."

మిగిలిన తంబాకు పెదవి వెనక పెట్టుకున్నాడు. తర్వాత, నన్ను కాదు, ఎదుటి గోడను చూస్తూ అన్నాడు: "ఇయ్యాల్నే సక్కగ నిలవడ్డరు. సీజను మొత్తానికి ఇయ్యాల్నే. ఒక్కడు గూడ జాగ ఇడువలె."

నేనింకా నిలబడే ఉన్నాను. "ఏం చూస్తున్నవ్? పొయ్యి చాయ్ పట్టుకరా" అన్నాడు.

తెచ్చాను. ఎందుకు తెచ్చానో తెలియదు. నెత్తిన పోద్దామనుకున్నాను, సాసర్లో పోసి ఇచ్చాను.

సూపర్‌వైజర్ చెప్పినంత పనీ చేశాడు. మరుసటి యేటికి మేము ఓపెన్‌కాస్టు జట్టులో కలిశాం, అంటే బెంచీ మీద కూర్చున్నాం. సుధాకర్ ఆట మానేశాడు. కాక మాత్రం మానలేదు. సీజను ముందు అదే హోటలు, అదే సాసరు. "నడిపేది డంపరు, ఆడేది గూడ డంపరు లెక్కనే. మలుపుకాడ ఊరంత తిరిగొస్తరు. ఈ యేడు గూడ గంతే" అనేవాడు. వాళ్లు కప్పులు గెలుస్తున్నా అనేవాడు. రిటైరయ్యాక కూడా ప్రతి ఆదివారం వచ్చి దిమ్మె మీద కూర్చున్నాడు. పట్టా ముక్కను మళ్లీ ముట్టుకోలేదు. కొన్నాళ్లకు మా ఇంక్లైను మూతపడింది. ఇంకొన్నాళ్లకు ఆ పట్టా ముక్కను ఎవడో ఎత్తుకుపోయి పాత ఇనుము కింద అమ్ముకున్నాడు. "దొంగకు గూడ ఎర్కైంది, గీడ ఇగ గోల్ కాదని" అన్నాడట కాక.

ఆయన్ని మోయడానికి మమ్మల్నే పిలిచింది వాళ్లావిడ. "మీ టీం పోరలే మొయ్యాలె బిడ్డా" అంది. పోరలట! గోలీకి మోకాళ్లు లేవు. ఒంటె వంగిపోయి మామూలు మనిషి ఎత్తుకు వచ్చాడు. నాకు బొజ్జ. ముందు కుడివైపు సుధాకర్, ఇప్పుడు ఓపెన్‌కాస్టులో పని, తెల్ల చొక్కా, దువ్విన తల. ఇటువంటి జట్టు చేతికి తనను అప్పగించారని తెలిస్తే ఆయన శవపెట్టెలోంచి లేచి నడిచే పోయేవాడు.

చర్చి పక్కనే సమాధుల తోట. పాస్టరు ముందు పాడుతూ నడుస్తున్నాడు, వెనక మేము, మా వెనక వాళ్లావిడ, జనం. గేటు దగ్గరికి వచ్చాం. చావు గంట కొట్టడానికి చర్చి ముసలాయన తాడు లాగాడు. అది ఆగి ఆగి కొట్టే గంట. ఒక్కటి మోగింది.

ఆగిపోయాం. గని మూతపడి ఏళ్లయింది. ఆ గంట విని ఏళ్లయింది. అయినా భుజాల మీద పెట్టెతో, ఒక కాలు గేటు లోపల ఒక కాలు బయట, ఎక్కడివాళ్లం అక్కడ ఆగిపోయాం. పాస్టరు పాడుకుంటూ ఒక్కడే పోతున్నాడు. వెనక జనం ఒకరి మీద ఒకరు పడ్డారు. "ఏమైందే, నడువున్రి" అని కుర్రకారు అరుస్తున్నారు.

"ఎందుకు ఆగిన్రు బిడ్డా?" అంది వాళ్లావిడ.

"గంట కొట్టిన్రు అవ్వా" అన్నాడు సుధాకర్, వెనక్కి తిరగకుండా.

ఆమె హాలేజీ మనిషి భార్య. జనానికి చెయ్యి అడ్డం పెట్టింది.

నాకు ఏడుపొచ్చింది. ఈ ముసలాడి కోసం ఏడవడమా అని ఒళ్లు కూడా మండింది. తల కొంచెం తిప్పి చూశాను. మోకాళ్లు లేని గోలీ వంగలేదు. పెట్టె అంచు మట్టి సుధాకర్ చొక్కాకు అంటింది, దులుపుకోలేదు. ఒక్కడూ జాగా వదల్లేదు. ఇప్పుడు ఏదో ఒకటి అంటాడు, అనకుండా ఉండలేడు అని, నాకు తెలియకుండానే పెట్టె వైపు చెవి పెట్టాను.

రెండో గంట పడేదాకా నిలబడ్డాం. మొదటిసారి ఆయన మమ్మల్ని ఏమీ అనలేదు.